ఐదు వేలలో పాలిచ్చే ఏర్పాట్లు: ముందు రెండో రాత్రికి సిద్ధంగా ఉండమ్మా

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాయదుర్గంలో ఉంటున్నావు. ఏడో నెల, మొదటి కాన్పు. మీ ఆయన జీన్స్ కుట్టే యూనిట్‌కు వెళ్తాడు, నువ్వు ఇంట్లోనే మిషన్ మీద పీస్ లెక్కన కుడతావు. మీ అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే. చేతిలో ఐదు వేలు పెట్టుకున్నావు. ఎవరో ఫోన్‌లో పంపిన లిస్టులో ఎలక్ట్రిక్ పంపు, నాలుగు బాటిళ్లు, స్టెరిలైజర్, ఫీడింగ్ దిండు, స్పెషల్ బ్రాలు, ప్యాడ్లు, ఎందుకైనా మంచిదని ఒక పాలడబ్బా ఉన్నాయి. లెక్కేస్తే పన్నెండు వేలు దాటింది. ఏది కొనాలి, ఏది మానెయ్యాలి అని అడిగావు. ఒకవైపు చనుమొన లోపలికి ఉంది, బిడ్డకు అందదని మీ అత్త అంటోందని కూడా రాశావు.

నేను అనంతపురం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుల వార్డుల్లో 26 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. నా కూతురి వయసుదానివి, అందుకే నువ్వు అని రాస్తున్నాను.

ముందు ఆ లిస్టు సంగతి. స్టెరిలైజర్ వద్దు. మూతున్న స్టీలు గిన్నెలో పది నిమిషాలు నీళ్లు మరిగిస్తే అదే పని అవుతుంది. ఫీడింగ్ దిండు వద్దు, ఇంట్లో ఉన్న రెండు దిండ్లు, మడిచిన బొంత చాలు. ప్యాడ్లు వద్దు, పాత నూలు పంచె చింపి నాలుగు మడతలు పెడితే పాలు పీల్చుకుంటుంది, ఉతికి ఎండలో ఆరేయొచ్చు. పంపు ఇప్పుడు కొనకు, దాని సంగతి తర్వాత చెబుతాను. బాటిళ్లు అసలు వద్దు. పాలడబ్బాను మాత్రం ఎంత ముందుజాగ్రత్త అని చెప్పినా ఇంట్లోకి తేకు. డబ్బా అల్మారాలో ఉంటే రెండో రాత్రి అది తెరుచుకుంటుంది. నా సర్వీసులో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ రెండో రాత్రి గురించే నీకు వివరంగా చెప్పాలి, నీ ఐదు వేలు నిలిచేదీ పోయేదీ అక్కడే. పుట్టిన రోజు బిడ్డ అలసటతో ఎక్కువసేపు నిద్రపోతుంది, అందరూ సంతోషంగా ఉంటారు. మర్నాడు రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది. బిడ్డ రొమ్ము పట్టుకుంటుంది, ఐదు నిమిషాలు చీకుతుంది, కునుకు తీస్తుంది. మంచం మీద పడుకోబెట్టగానే కేరుమంటుంది. మళ్లీ ఎత్తుకుని పెడితే మళ్లీ అదే. గంటలో నాలుగుసార్లు. నీకు కుట్లు సలుపుతుంటాయి, కళ్లు మూతలు పడుతుంటాయి. పక్క మంచం దగ్గరున్న పెద్దామె లేచి వచ్చి, రొమ్ము పిండి చూసి, "పాలు పడలేదమ్మా, బిడ్డ ఆకలికి అల్లాడిపోతోంది" అంటుంది. ఆ మాట చెవిన పడిన తల్లి మనసు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రెండింటికి మొగుణ్ని లేపి మెడికల్ షాపుకు పంపిస్తారు. డబ్బా వస్తుంది. బిడ్డ తాగి నాలుగు గంటలు కదలకుండా పడుకుంటుంది. "చూశావా, ఆకలే" అంటారు.

అసలు జరిగేది వేరు. ఆ రోజుల్లో వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, బొట్లు బొట్లుగా వస్తాయి. అప్పుడు బిడ్డ ఒక విడతకు తాగేది టీస్పూను అంత, దాని కడుపుకు అవే సరిపోతాయి. పాలు ధారగా పడేది రెండో రోజు తర్వాత, మూడు నాలుగు రోజులకు. ఆపరేషన్ అయితే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావొచ్చు. ఆ రాత్రంతా బిడ్డ చీకడమే నీ ఒంటికి కబురు. పాలు తయారుచేయించే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఊరుతుంది. ఎంత చీకితే అంత తయారవుతాయి, చీకకపోతే ఒళ్లు తయారీ తగ్గించేస్తుంది. డబ్బాపాలు తాగి బిడ్డ నాలుగు గంటలు పడుకుంటే ఆ నాలుగు గంటల కబురు అందనట్టే. మర్నాడు పాలు ఇంకా తక్కువ, కాబట్టి ఇంకోసారి డబ్బా. ఇలా పది పదిహేను రోజులు గడిస్తే "పాలు ఇంకిపోయాయి" అంటారు. వాటంతటవి ఇంకవమ్మా.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. నా మొదటి బిడ్డ ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పుట్టాడు, ఆపరేషన్. ఆరు గంటలదాకా బిడ్డను నా దగ్గరకు తీసుకురాలేదు, ఆలోపే సీసాతో పట్టేశారు. మూడో రోజుకు నా రొమ్ములు రాళ్లయ్యాయి, చలిజ్వరం వచ్చింది. సీసాకు అలవాటుపడ్డ బిడ్డ నా రొమ్ము చూస్తే మొహం తిప్పుకునేవాడు. నలభై రోజులకు పాలు పూర్తిగా నిలిచిపోయాయి. నెలాఖరులో చేతిలో డబ్బు లేక, ఒక డబ్బా ఇంకో రెండు రోజులు రావాలని పొడి తగ్గించి పలుచగా కలిపి పట్టాం. నర్సును అయ్యుండి ఆ పని చేశాను. వాడికి బరువు పెరగలేదు, విరేచనాలతో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పుడు వాడు బాగున్నాడు, కానీ ఆ పలుచటి పాలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

డబ్బు లెక్క కూడా చెప్తా విను. మూడు నెలల బిడ్డ రోజుకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. 400 గ్రాముల డబ్బా సరిగ్గా కలిపితే నాలుగు రోజులు కూడా కష్టం. నెలకు ఏడెనిమిది డబ్బాలు. ఒక్కోటి నాలుగు వందలు వేసుకున్నా నెలకు మూడు వేల దాకా అవుతుంది. నీ ఐదు వేలు రెండు నెలలు కూడా రావు. ఇంకో మాట. బిడ్డ పాలపొడికీ, పాలసీసాలకూ ప్రచారం చేయడం, తల్లులకు ఉచితంగా శాంపిల్ ఇవ్వడం మన దేశంలో 1992 చట్టం ప్రకారం నేరం. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఎవరైనా డబ్బా ఊరికే ఇస్తున్నారంటే తీసుకోకు. నెలలు నిండకుండా పుట్టినప్పుడో, షుగర్ పడిపోయినప్పుడో డాక్టరు రాసి ఇస్తే మాత్రం అది మందు లాంటిది. అప్పుడు పట్టు, తప్పు చేశానని ఏడవకు. దానితోపాటే రొమ్ము పిండడం ఆపకుండా ఉంటే చాలు.

ఇక రొమ్ము పట్టించడం. ఇది ఇప్పటినుంచే ఒక బొమ్మతోనో చుట్టిన తువ్వాలుతోనో అలవాటు చేసుకో. గోడకు వీపు ఆనించి కూర్చో. బిడ్డ మొత్తం నీ వైపు తిరిగి ఉండాలి, పొట్టకు పొట్ట తగలాలి. మెడ తిప్పి తాగాల్సి వస్తే మింగలేదు, తల పక్కకు తిప్పుకుని నువ్వు నీళ్లు తాగి చూడు, తెలుస్తుంది. బిడ్డ ముక్కు నీ చనుమొనకు ఎదురుగా రావాలి. చనుమొనతో పై పెదవిని తాకించి ఆగు. తొందరపడకు. ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఓపిక పట్టు. తెరవగానే బిడ్డనే నీ దగ్గరకు లాక్కో, నువ్వు ముందుకు వంగితే వారంలో నడుం పడిపోతుంది. రొమ్ము పెద్దగా ఉంటే బొటనవేలు, నాలుగు వేళ్లతో కొంచెం నొక్కి పట్టాలి. మడిచిన జొన్నరొట్టెను నోట్లో పెట్టుకునేటప్పుడు అంచు పెదవులకు అడ్డంగా సరిపోయేలా పట్టుకుంటాం కదా, అలాగే.

సరిగ్గా పట్టుకుందా లేదా అనేది చూస్తే తెలిసిపోతుంది. గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి మడతపడి ఉంటుంది. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తుంది. బుగ్గలు ఉబ్బెత్తుగా ఉంటాయి, సొట్ట పడవు. పాలు చేపుకొచ్చాక గుటక వినిపిస్తుంది. మొదటి కొన్ని క్షణాలు లాగినట్టు ఉంటుంది, తర్వాత కూడా సూదితో గుచ్చినట్టు నొప్పి ఉందంటే బిడ్డ చనుమొన కొస మాత్రమే పట్టుకుంది. లాగెయ్యకు. చిటికెనవేలు శుభ్రంగా కడుక్కుని బిడ్డ నోటి మూలన పెడితే పట్టు విడుస్తుంది, మళ్లీ మొదలుపెట్టు. పదిసార్లు అయినా సరే. పగుళ్లు, రక్తం, భయం అన్నీ ఈ ఒక్క తప్పు పట్టుతోనే మొదలవుతాయి. పగిలితే క్రీములు కొనొద్దు, పాలు తాగించాక చివరి బొట్లు రాసి ఆరనివ్వు.

ఆపరేషన్ అయితే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వు, లేదా బిడ్డను చంక కింద నుంచి పట్టుకుని కాళ్లు నీ వీపు వైపు పోయేలా ఉంచు. కుట్ల మీద బరువు పడదు.

చనుమొన గురించి టెన్షన్ పడకు. బిడ్డ తాగేది రొమ్మును పట్టుకుని, మొనను పట్టుకుని కాదు. చాలామందికి బిడ్డ చీకేకొద్దీ అదే బయటికి వస్తుంది. ఇప్పుడు మాత్రం లాగడం, నలపడం లాంటివి చేయకు, ఏడో నెలలో అలా చేస్తే నొప్పులు రావొచ్చు. కాన్పయ్యాక కూడా లోపలే ఉంటే పది ఎం.ఎల్. సిరంజీ ఒకటి చాలు, మెడికల్ షాపులో పది ఇరవై రూపాయలు. సూది అవసరం లేదు. సూది గుచ్చే వైపు కొనను బ్లేడుతో తెగ్గోసి, లోపలి కాడను తీసి ఆ తెగ్గోసిన వైపు నుంచి ఎక్కించాలి. నున్నగా ఉన్న రెండో అంచు చనుమొన మీద పెట్టి కాడను మెల్లగా వెనక్కి లాగి అర నిమిషం పట్టుకో. కోసిన అంచు ఒంటికి తగలకూడదు, గాయమవుతుంది. పాలిచ్చే ప్రతిసారీ ముందు ఇలా చేసి వెంటనే బిడ్డకు పెట్టాలి. నొప్పి పుట్టేదాకా లాగకు. వార్డులో నర్సమ్మను అడిగితే చేసి ఇస్తుంది, మేం రోజూ చేసిన పనే.

ఇంట్లోవాళ్లతో మాట్లాడడం అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా చవక. పుట్టగానే నాలుకకు తేనె రాయడం, ఆముదం పట్టడం, వస అరగదీసి నాకించడం, ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయడం, వీధిలో కేకేసుకుంటూ వచ్చే గాడిదపాలు చెంచా పట్టడం మన సీమలో ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ ఏడాదిలోపు బిడ్డకు తేనె వద్దు, అందులోని క్రిములతో ఒళ్లంతా చచ్చుబడే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ముర్రుపాలు మొదటి టీకా లాంటివి, ఒక్క బొట్టు కూడా పారబోయకూడదు. ఆరు నెలలదాకా రొమ్ముపాలు తప్ప ఏదీ వద్దు, మంచినీళ్లు కూడా. రాయదుర్గం ఎండలకు బిడ్డ నోరెండిపోతుందని అంటారు. పాలలో ఎక్కువ భాగం నీళ్లే, దాహమేస్తే బిడ్డ ఇంకోసారి తాగుతుంది. నీళ్లు తాగాల్సింది నువ్వు.

అక్కడే ఇంకో గొడవ, బాలింత పథ్యం. ఉత్త కారప్పొడి, వెల్లుల్లి, అన్నం పెట్టి, నీళ్లు రెండు గ్లాసులే తాగాలంటారు. పాలిచ్చే తల్లికి రోజుకు మామూలు కన్నా ఆరు వందల క్యాలరీల దాకా ఎక్కువ కావాలి, అంటే ఇంకో పూట భోజనం. రాగిసంగటి, పప్పు, మునగాకు, వేరుశనక్కాయల ఊరిమిండి, గుడ్డు, పెరుగు, ఏ ఆకుకూర అయితే ఆ ఆకుకూర, అన్నీ తిను. వెల్లుల్లి, మెంతులు, పచ్చి బొప్పాయి కూర ఇష్టమైతే తిను, వద్దనను. బిడ్డ చీకడం పెంచినంతగా ఏ తిండీ పాలు పెంచదని మాత్రం గుర్తుంచుకో, పాలు పెంచే పొడి డబ్బాలకు డబ్బు పెట్టకు. ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోవాలి, పీహెచ్‌సీలో ఉచితం.

ఇప్పుడు కొనాల్సినవి. ముందు వైపు జిప్పున్న నూలు నైటీలు మూడు. తొమ్మిదో నెలలో రెండు నూలు ఫీడింగ్ బ్రాలు, కొంచెం వదులు సైజులో. ముందు హుక్కులున్న నీ పాత జాకెట్లు వదులు చేసుకుంటే బ్రాలు కూడా అక్కర్లేదు, కుట్టుపని నీ చేతిలోనే ఉంది. స్టీలు ఉగ్గుగిన్నె ఒకటి. లీటరు పట్టే నీళ్ల సీసా ఒకటి, పాలిచ్చేటప్పుడు చేతికందేలా. అన్నీ కలిపి పదిహేను, పదహారు వందలు. రెండు వేలు నీ తిండికి విడిగా తీసిపెట్టు, గుడ్లకు, పప్పుకు, పాలకు. ఆ డబ్బు ఇంకో దానికి వాడొద్దని మీ ఆయనకు గట్టిగా చెప్పు. మిగిలింది కదలకుండా ఉంచు. బిడ్డను పిల్లల వార్డులో పెట్టాల్సి వచ్చినా, నువ్వు బయట పనికి పోవాల్సి వచ్చినా అప్పుడు చేతి పంపు కొనుక్కోవచ్చు.

మూడో నెలకు మళ్లీ మిషన్ ఎక్కాలన్నావు. ఇంట్లోనే కాబట్టి అదృష్టమే. బిడ్డను జీన్స్ గుడ్డ దుమ్ము లేని గదిలో పడుకోబెట్టి, ఆకలి అని ఏడవకముందే, నోరు తిప్పుతూ చెయ్యి చప్పరిస్తున్నప్పుడే లేచి వెళ్లు. బయట యూనిట్‌కు వెళ్తే చేత్తో పిండడం నేర్చుకో. చేతులు కడుక్కుని, నల్లటి భాగం అంచున బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి, ముందు ఎముక వైపు లోపలికి నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు నొక్కి వదులు. చర్మం మీద జారనివ్వకు. ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు, తర్వాత బొట్లు, ఆపైన ధార. మరిగించిన మూత గిన్నెలో పట్టి ఫ్రిజ్‌లో లోపలి అరలో పెడితే ఒక రోజు వాడొచ్చు, తలుపు అరలో వద్దు. ఫ్రిజ్ లేకపోతే మన వేసవిలో బయట గంటలకొద్దీ ఉంచొద్దు. గోరువెచ్చని నీళ్లలో గిన్నె పెట్టి వెచ్చబెట్టాలి, పొయ్యి మీద కాదు. ఉగ్గుగిన్నెతో పట్టించమను. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది పెట్టాలనీ, తల్లి మధ్యలో వెళ్లి పాలివ్వొచ్చనీ 2017 నుంచి చట్టంలో ఉంది. అడగడానికి మొహమాటపడకు.

పాలు చాలుతున్నాయా అని రొమ్ము పిండి చూడొద్దు, బిడ్డ గుడ్డలు చూడు. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ ఐదారు రోజులకు రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు ఒంటికి పోయాలి. నల్లటి దొడ్డి ఐదో రోజుకల్లా పసుపుపచ్చగా మారాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. పుట్టిన బరువులో కొంత తగ్గి రెండు వారాలకు మళ్లీ రావాలి. బిడ్డ మత్తుగా పడుకుని తాగడానికి లేవకపోయినా, ఒంటికి పోయకపోయినా, అరిచేతులు, అరికాళ్ల దాకా పసుపు పాకినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. నీకు రొమ్ము ఒకచోట ఎర్రగా గట్టిపడి జ్వరమొస్తే డాక్టరుకు చూపించుకో, ఆ వైపు పాలివ్వడం మాత్రం ఆపకు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా, మందులు, పరీక్షలతో సహా ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం కూడా ఇస్తారు. ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో దింపుతారు. మొదటి కాన్పుకు మాతృ వందన యోజన కింద రెండు విడతల్లో ఐదు వేలు వస్తాయి. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని ఈ వారమే అంగన్‌వాడీ టీచర్‌ను కలువు. అక్కడ గుడ్లు, పాలు ఇప్పటినుంచే నీకు రావాలి, మొహమాటంతో వదులుకోకు.

చివరగా ఒక పని. ఎనిమిదో నెల చెకప్‌కు మీ అత్తను వెంటబెట్టుకుని వెళ్లు. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ము మీద పెట్టాలని, ఆపరేషన్ అయినా పెట్టొచ్చని, రెండో రాత్రి ఏడుపు ఆకలి కాదని ఆమె ముందే నర్సమ్మ చేత చెప్పించు. నువ్వు చెబితే కోడలి మాట, నర్సమ్మ చెబితే ఆసుపత్రి మాట. బిడ్డ ఒళ్లు పట్టడం, తేన్పు తీయించడం, నీకు వేళకు తిండి పెట్టడం ఆమెకే అప్పగించు. ఆ రాత్రి పక్క మంచం పెద్దామె లేచి వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది ఆమే.